ఒకే హాప్‌తో పేల్ ఏల్: కాస్కేడ్ పరిమళాన్ని సీసా దాకా తీసుకువెళ్ళే పద్ధతి

బీరుకు చేదునూ పరిమళాన్నీ ఇచ్చే హాప్ పువ్వుల గుళికల్లో కాస్కేడ్ అనే రకం ప్యాకెట్ కత్తిరించి, నాలుగు గుళికలు అరచేతిలో వేసుకుని, రెండు చేతులతో గట్టిగా నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంటే, ముందుగా తగిలేది పచ్చి దబ్బకాయ తొక్కను గోటితో గిల్లినప్పుడు చిమ్మే ఘాటు. దాని వెనుకే పంపర పనస తొనల మీది తెల్లటి పొర చేదు, ఆ తరువాత నిమ్మగడ్డిలోనూ గులాబీలోనూ కలిసి కనిపించే మెత్తటి సువాసన వస్తాయి. అరచేతికి జిగటగా అంటుకున్న పసుపు పచ్చని పదార్థం లుపులిన్. హాప్ తీగ పువ్వులో ఉన్న చేదూ పరిమళమూ అంతా ఆ పసుపులోనే ఉంటాయి. ఇంట్లో పేల్ ఏల్ అనే లేత రంగు బీరు కాచేవాడు చేయవలసిన పనిలో కష్టమైన భాగమల్లా, అరచేతిలో ఇంత స్పష్టంగా ఉన్న ఈ వాసనను నాలుగు వారాల తరువాత గ్లాసులో కూడా అంతే స్పష్టంగా నిలబెట్టడం.

ముందుగా చట్టం సంగతి చెప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాచడం ఎక్సైజ్ చట్టాల ప్రకారం నేరం. కాబట్టి ఈ పద్ధతి, అది చట్టసమ్మతమైన దేశాల్లో ఉంటున్న తెలుగువారి కోసం మాత్రమే. నేను ఉంటున్న అమెరికాలో 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకంతో వచ్చిన చట్టం ఇంటి అవసరాలకు బీరు కాచుకోవడానికి పన్ను లేకుండా అనుమతించింది. ఒక్క పెద్దవారే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది ఉన్న ఇంటికి 200 గ్యాలన్లు పరిమితి. రాష్ట్రాలు తమ చట్టాలను మార్చుకోవడానికి చాలా కాలం పట్టింది, అలబామా, మిసిసిపీ 2013లో గానీ ఒప్పుకోలేదు. ఇలా కాచిన బీరును అమ్మకూడదు.

ఒక్క హాప్‌నే ఎందుకు వాడాలంటే, నేర్చుకోవడానికి అంతకంటే మంచి దారి లేదు. నాలుగు రకాల హాప్స్ కలిపిన బీరులో ఏ వాసన దేనిదో పట్టుకోవడం అనుభవజ్ఞులకే కష్టం. ఒకే రకాన్ని చేదు కోసం, రుచి కోసం, పరిమళం కోసం మూడు దశల్లో వాడితే, వేడి ఆ హాప్‌ను ఎలా మారుస్తుందో, చల్లటి బీరులో నానినప్పుడు అదే హాప్ ఎలా మాట్లాడుతుందో నాలుకకు తెలుస్తుంది. దానికి కాస్కేడ్‌ను ఎంచుకోవడానికి దాని చరిత్ర కూడా ఒక కారణం. ఇంగ్లండుకు చెందిన ఫగుల్, రష్యాకు చెందిన సెరెబ్రియాంకా రకాల వారసత్వంతో, అమెరికా వ్యవసాయ శాఖ ఒరెగాన్‌లోని కోర్వాలిస్‌లో నడిపిన హాప్ పరిశోధన నుంచి వచ్చిన ఈ రకం 1972లో రైతులకు అందింది. శాన్ ఫ్రాన్సిస్కోలోని యాంకర్ బ్రూవరీ 1975లో కాచిన లిబర్టీ ఏల్, ఒక్క కాస్కేడ్‌నే వాడి, పులిసిన బీరులో మళ్ళీ పచ్చి హాప్స్ నానబెట్టి చేసిన బీరు. 1980లో కాలిఫోర్నియాలోని చికో పట్టణంలో మొదలైన సియెర్రా నెవాడా పేల్ ఏల్ ఆ వాసనను దేశమంతా పరిచయం చేసింది. పులిసిన బీరులో హాప్స్ వేసే పద్ధతి మాత్రం చాలా పాతది. ఇంగ్లండు బ్రూవర్లు పీపాల్లో గుప్పెడు హాప్స్ వేసి మూత బిగించేవారు. ఓడలమీద కలకత్తాకూ మద్రాసుకూ వచ్చిన పేల్ ఏల్ పీపాల్లోనూ అలా వేసిన హాప్స్ ఉండేవి.

ఒరెగాన్‌లో ఆగస్టు చివర విల్లామెట్ లోయ మీదుగా వెళ్తే, తమలపాకు తోటల్లో అవిశె చెట్ల మీదికి తీగలు ఎక్కించినట్టు, రెండు నిలువుల ఎత్తు దాటిన స్తంభాల మధ్య కట్టిన తాళ్ళ మీద హాప్ తీగలు కనిపిస్తాయి. మన దేశంలో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో వీటిని పండిస్తారు. వేసవిలో పగలు బాగా పొడుగ్గా ఉండే చోట్లే ఇవి సరిగా పూస్తాయి కాబట్టి మన కోస్తాలోగానీ తెలంగాణలోగానీ ఈ పంట చూడం.

కావలసినవి

ఇక్కడ చెప్పే కొలతలు 19 లీటర్ల బీరుకు, అంటే అమెరికాలో ఇంటి బ్రూవర్ల మామూలు లెక్క అయిన 5 గ్యాలన్లకు సరిపోతాయి. లేత రంగు బార్లీ మాల్టు నాలుగున్నర కిలోలు, కారమెల్ రుచి కోసం క్రిస్టల్ 40 అనే మాల్టు 350 గ్రాములు తీసుకోవాలి. క్రిస్టల్ మాల్టు ఇంతకంటే పెంచవద్దని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే దాని తీపి హాప్ పరిమళం మీద దుప్పటిలా కప్పుకుంటుంది. ఈస్ట్ కోసం శాఫేల్ యూఎస్-05 పొడి ప్యాకెట్, 11.5 గ్రాములది, ఒకటి చాలు. తన వాసనను పెద్దగా కలపకుండా మాల్టునూ హాప్‌నూ ముందుకు రానిచ్చే ఈస్ట్ అది.

హాప్స్ విషయంలో 8 ఔన్సుల ప్యాకెట్, అంటే 227 గ్రాములది, ఒక్కటే కొనాలి. చిన్న ప్యాకెట్లు నాలుగు కొంటే అవి నాలుగు తోటల పంటలు కావచ్చు, రెండు వేర్వేరు సంవత్సరాలవి కావచ్చు. ఒక్క హాప్‌ను తెలుసుకోవాలనుకున్నప్పుడు అన్ని దశల్లోనూ ఒకే పంట ఉండాలి. ప్యాకెట్ మీద పంట సంవత్సరం, చేదుకు మూలమైన ఆల్ఫా ఆమ్లం శాతం ముద్రించి ఉంటాయి. కాస్కేడ్‌లో ఇది సాధారణంగా 4.5 నుంచి 7 శాతం మధ్య ఉంటుంది. నా లెక్కలన్నీ 5.5 శాతానికి వేసినవి. మీ ప్యాకెట్ మీద 7 ఉంటే, చేదు కోసం వేసే 30 గ్రాములను 5.5తో హెచ్చవేసి 7తో భాగించాలి, అప్పుడు 24 గ్రాములు సరిపోతాయని తేలుతుంది. పరిమళం కోసం వేసేవాటికి ఈ లెక్క అక్కరలేదు. గుళికలు ఆకుపచ్చగా ఉండాలి. గోధుమ రంగుకు తిరిగి, పాత జున్నులాంటి వాసన వస్తుంటే అవి గాలి తగిలి పాడైనవి, వాటిని వాడకూడదు.

సామాగ్రిలో 40 లీటర్ల స్టీలు కాగు, దానిలో పట్టే పల్చటి నైలాన్ వడకట్టు సంచి, థర్మామీటర్, గ్రాముల వరకు తూచే త్రాసు, చల్లార్చడానికి రాగి గొట్టం చుట్ట, గాలి చొరబడకుండా బిగించే మూతా, లోపలి వాయువును వదిలి బయటి గాలిని ఆపే ఎయిర్‌లాకూ, కుళాయీ ఉన్న 25 నుంచి 30 లీటర్ల డబ్బా, సైఫన్ గొట్టం ఉండాలి. వీటితోపాటు హైడ్రోమీటర్ తప్పనిసరి. పాల చిక్కదనం చూసే లాక్టోమీటర్ లాంటిదే ఇది, ద్రవంలో ఎంత చక్కెర కరిగి ఉందో చెబుతుంది. హైడ్రోమీటర్ లేకుండా ఈ బీరు మొదలుపెట్టవద్దు. కారణం హాప్స్ నానబెట్టే దగ్గర వివరంగా తెలుస్తుంది.

నీటి గురించి రెండు మాటలు చెప్పాలి. కుళాయి నీటిలోని క్లోరిన్, క్లోరమిన్ మాల్టులోని ఫినాళ్ళతో కలిస్తే బీరుకు ఆసుపత్రి వాసన వస్తుంది. 29 లీటర్ల నీటికి అర క్యాంప్‌డెన్ మాత్ర పొడిచేసి కలిపితే ఆ క్లోరిన్ కొన్ని నిమిషాల్లో పోతుంది. మీ నీరు మెత్తనిదైతే 6 గ్రాముల జిప్సం కలపండి. దానిలోని సల్ఫేటు హాప్ చేదును పొడిగా, పదునుగా నిలబెడుతుంది.

కాచే రోజు

మాల్టు అంటే మొలకెత్తించి ఎండబెట్టిన గింజ. మన ఇళ్ళలో రాగులు నానబెట్టి, మొలక కట్టించి, ఎండబెట్టి విసిరిన పిండితో జావ కాచినవారికి అది మామూలు పిండి జావకంటే ఎందుకు పల్చగా, తియ్యగా ఉంటుందో అనుభవం ఉంటుంది. మొలకలో పుట్టిన ఎంజైములు గంజిని చక్కెరగా విడగొడతాయి. బార్లీతో మనం చేసేది కూడా అదే పని, కాకపోతే ఉష్ణోగ్రతను డిగ్రీ లెక్కన పట్టుకుని చేస్తాం. 65 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన పనిచేసే ఎంజైము ఈస్ట్ తినగల చక్కెరలను ఎక్కువగా ఇస్తుంది, 70 దగ్గర చురుకుగా ఉండేది ఈస్ట్ తినలేని పిండి ముక్కలను మిగిల్చి బీరుకు చిక్కదనం ఇస్తుంది. ఈ పేల్ ఏల్‌కు 67 డిగ్రీలు తగిన చోటు.

29 లీటర్ల నీటిని 70 డిగ్రీల దాకా వేడిచేసి, మంట ఆపి, కాగులో సంచి పరిచి, పిండి మరీ మెత్తగా కాకుండా మరపట్టించిన మాల్టును ఒకరు కొద్దికొద్దిగా పోస్తుంటే మరొకరు తెడ్డుతో కలపాలి, లేకపోతే ఉప్మాలో ఉండల్లా లోపల పొడిగా ఉండే ముద్దలు కడతాయి. అంతా కలిశాక 67కు అటూ ఇటూగా నిలుస్తుంది. మూత పెట్టి, పాత దుప్పట్లు చుట్టి, గంటసేపు వదిలేయాలి. మధ్యలో ఒకసారి కలిపితే మంచిది. గంట తరువాత సంచి ఎత్తి, కాగు మీద చిల్లుల పళ్ళెం పెట్టి దాని మీద ఉంచి, రబ్బరు చేతితొడుగులతో పిండాలి. నీరు పీల్చుకున్న సంచి ఎనిమిది కిలోలు దాటుతుంది కాబట్టి ఒంటరిగా ఎత్తవద్దు. ఇలా దిగిన తియ్యటి ద్రవాన్ని వర్ట్ అంటారు.

వర్ట్ మరిగే ముందు పాలలాగే ఒక్కసారిగా పొంగుతుంది. ఆ పది నిమిషాలు కాగు పక్కనుంచి కదలకూడదు. పొంగు అణిగాక 30 గ్రాముల కాస్కేడ్ వేసి గడియారం చూసుకోవాలి. మూత లేకుండా గంటసేపు తెర్లాలి. హాప్‌లోని ఆల్ఫా ఆమ్లాలు నీటిలో సరిగా కరగవు, ఈ మరుగులోనే అవి రూపు మార్చుకుని కరిగి చేదునిస్తాయి. కానీ అదే మరుగు పరిమళ తైలాలను ఆవిరితోపాటు తీసుకుపోతుంది. కాచేటప్పుడు వంటిల్లంతా ఘుమఘుమలాడుతోందంటే ఆ వాసన బీరులోంచి వెళ్ళిపోతోందని అర్థం. గంటకు పది నిమిషాల ముందు 25 గ్రాములు వేయాలి. గంట అయ్యాక మంట ఆపి, శుభ్రం చేసిన రాగి చుట్టతో 80 డిగ్రీలకు దింపి, అక్కడ 60 గ్రాములు వేసి, తెడ్డుతో గుండ్రంగా తిప్పి 20 నిమిషాలు వదలాలి. ఆ వేడిలో చేదు కొద్దిగానే దిగుతుంది, తైలాలు చాలావరకు నిలుస్తాయి. మొత్తం మీద చేదు, దాన్ని కొలిచే ఐబీయూల లెక్కలో, 30 దగ్గర ఉంటుంది. అది మాల్టు తీపిని అదుపులో పెట్టి పరిమళానికి చోటిచ్చే స్థాయి.

ఇక్కడి నుంచి బీరును తాకే ప్రతి వస్తువునూ ముందు కడిగి, తరువాత శానిటైజర్‌లో ముంచాలి. నేను వాడే స్టార్ శాన్‌ను 19 లీటర్ల నీటికి 30 మిల్లీలీటర్ల చొప్పున కలుపుతాను. దాని నురగ మిగిలినా మళ్ళీ కడగనక్కరలేదు. రాగి చుట్టతో వర్ట్‌ను 18 డిగ్రీలకు దింపి, డబ్బాలోకి ఎత్తునుంచి ధారగా పోయాలి. ఈస్ట్ వేయబోయే ఈ ఒక్క ఘడియలోనే ఆక్సిజన్ వల్ల మేలు జరుగుతుంది, ఇది దాటాక అది శత్రువు. మంచినీటికి 1.000 చూపే హైడ్రోమీటర్‌లో ఇప్పుడు 1.051 దగ్గర కనిపించాలి. ఈస్ట్ చల్లి మూత బిగించాలి.

కాగు అడుగున మిగిలిన హాప్ మడ్డిని పెరట్లో పోసేవారు ఇంట్లో కుక్క ఉంటే అలా చేయవద్దు. హాప్స్ తిన్న కుక్కలకు ఒంటి వేడి అదుపు తప్పి ప్రాణం పోయే ప్రమాదం ఉంది. మడ్డిని సంచిలో కట్టి చెత్తబుట్టలో వేయాలి.

పులియడం

డబ్బాను 18, 19 డిగ్రీల మధ్య ఉంచాలి. పులిసేటప్పుడు ఈస్ట్ తనంతట తాను వేడి పుట్టిస్తుంది కాబట్టి గది 20 ఉంటే లోపల 23 దాటవచ్చు. చల్లటి గది లేనివారు డబ్బాను నీళ్ళ తొట్టిలో పెట్టి, పాత దుప్పటి తడిపి చుట్టి, ఫ్యాను వేస్తే, వేసవిలో కూజాకు తడిగుడ్డ చుట్టినట్టే మూడు నాలుగు డిగ్రీలు తగ్గుతుంది. మర్నాటికి నురగ కడుతుంది. మూడో రోజుకు ఎయిర్‌లాక్ ఆగకుండా బుడగలు వదిలి, తరువాత నెమ్మదిస్తుంది. బుడగలు ఆగాయని పులియడం పూర్తయిందనుకోకూడదు, హైడ్రోమీటర్ చెప్పిందే లెక్క. నాలుగో రోజు నుంచి డబ్బా కుళాయి ద్వారా కొద్దిగా తీసి చూస్తూ ఉండాలి.

హాప్స్ నానబెట్టడం

ఇదే ఈ బీరుకు ప్రాణం. హాప్స్ ఎప్పుడు వేయాలన్న విషయంలో అనుభవజ్ఞులు రెండు వర్గాలుగా ఉన్నారు. పూర్తిగా పులిసి, ఈస్ట్ అడుగుకు దిగాక వేస్తే హాప్ అసలు వాసన చెక్కుచెదరకుండా వస్తుందని కొందరు అంటారు. బీరును కార్బన్ డయాక్సైడ్‌తో నడిపే పరికరాలు ఉన్నవారికి అది మంచి దారే. మూత తీసి గుళికలు పోసే మనలాంటివారికి నా సలహా వేరు. హైడ్రోమీటర్ 1.014 దగ్గరకు వచ్చినప్పుడు, అంటే చివరి మూడు నాలుగు పాయింట్లు (ఒక పాయింటు అంటే 0.001) మిగిలి ఉండగానే వేయండి. గుళికలతోపాటు లోపలికి వెళ్ళిన గాలిలోని ఆక్సిజన్‌ను ఇంకా మేల్కొని ఉన్న ఈస్ట్ తీసేసుకుంటుంది, ఇంకా పుడుతున్న వాయువు ఖాళీ జాగాలోని గాలిని బయటికి నెడుతుంది. దీనివల్ల పరిమళం కాస్త మారుతుందన్న మాట నిజమే. కాస్కేడ్‌లో సమృద్ధిగా ఉండే జెరానియాల్‌లో కొంత భాగాన్ని ఈస్ట్ సిట్రొనెల్లోల్‌గా మారుస్తుంది, గులాబీ ఛాయ తగ్గి నిమ్మ ఛాయ పెరుగుతుంది. ఆక్సిజన్ చేసే నష్టంతో పోలిస్తే ఇది నాకు నష్టంగా కనిపించదు.

మొదటిసారి నేను ఈ బీరు చేసినప్పుడు పులియడం పూర్తయ్యాక హాప్స్ వేసి, సరిగా తడవలేదని తెడ్డు పెట్టి బాగా కలిపాను. సీసాలో పోసిన రోజు దాని వాసన అద్భుతంగా ఉంది. మూడు వారాలకు గడ్డి రంగు బీరు పాత రాగి చెంబు రంగుకు తిరిగింది. మూత తీస్తే దబ్బ వాసన బదులు తడిసిన అట్టపెట్టె వాసన వచ్చింది. మాల్టు, హాప్స్, ఈస్ట్ అన్నీ మంచివే, తెడ్డుతో నేను లోపలికి తోసిన గాలే దాన్ని పాడుచేసింది. హాప్స్ ఎంత ఎక్కువ వేస్తే బీరు ఆక్సిజన్‌కు అంత సున్నితంగా తయారవుతుంది. పైగా ఒక్క హాప్‌తో చేసిన బీరులో ఆ లోపాన్ని కప్పేందుకు మరో వాసన ఉండదు.

75 గ్రాములు వేయాలి, అంటే లీటరుకు 4 గ్రాముల లోపు. ఇంకా వేస్తే ఇంకా బాగుంటుందనే ఆశ సహజమే. కానీ ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు కాస్కేడ్‌తోనే పరీక్షించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, లీటరుకు 8 గ్రాములు దాటాక పరిమళం అదే దామాషాలో పెరగలేదని, పండు వాసనకంటే ఆకు, టీ లాంటి వాసనలు ముందుకు వచ్చాయని తేలింది. మొదటిసారి తక్కువతో మొదలుపెట్టి, నాలుకకు తెలిశాక పెంచుకోవడం మంచిది.

గుళికలను గుడ్డ సంచిలో కట్టకుండా విడిగా వేయడమే నాకు ఇష్టం. అవి తడిసి నాలుగింతలు ఉబ్బుతాయి, బిగించిన సంచిలో మధ్యలోవి పొడిగానే మిగులుతాయి. వాటిని శుద్ధి చేయనవసరం లేదు, హాప్స్‌లోని ఆమ్లాలు, బీరులోని ఆల్కహాలు, పులుపు కలిసి ఆ పని చూసుకుంటాయి. ప్యాకెట్, కత్తెర, చేతులు మాత్రం శానిటైజర్ తడితో ఉండాలి. మూత ఒక పక్క మాత్రమే ఎత్తి, ముందు నాలుగైదు గుళికలు వేసి చూడాలి. నిమ్మకాయ సోడాలో చిటికెడు ఉప్పు వేస్తే ఎలా ఎగదన్నుతుందో, వాయువు నిండిన బీరులో గుళికలు పడితే అలాగే ఎగదన్నుతుంది. అది అణిగాక మిగిలినవి మెల్లగా పోసి వెంటనే మూత బిగించాలి. కలపకూడదు, డబ్బాను ఊపకూడదు. పైన తేలిన పచ్చటి తెట్టు రెండు రోజుల్లో తనంతట తాను మునుగుతుంది.

మూడు రోజులు నానితే చాలు, నాలుగు రోజులైనా ఫరవాలేదు. పరిమళ తైలాల్లో ఎక్కువ భాగం మొదటి రెండు రోజుల్లోనే దిగుతుంది. ఆ తరువాత దిగేది ఆకు రసం, వగరు. పాత పుస్తకాల్లో కనిపించే రెండు వారాల గడువును నేను పాటించను.

ఇప్పుడు హైడ్రోమీటర్ ఎందుకు తప్పనిసరి అన్నానో చెబుతాను. హాప్ పువ్వులో కూడా పిండిని విడగొట్టే ఎంజైములు కొద్దిగా ఉంటాయి. మరిగినప్పుడు అవి చచ్చిపోతాయి గానీ, పచ్చిగా వేసినప్పుడు బతికే ఉంటాయి. ఈస్ట్ తినలేక వదిలిన పిండి ముక్కలను అవి మళ్ళీ చక్కెరగా మారుస్తాయి, నిద్రపోతున్న ఈస్ట్ లేచి దాన్ని పులియబెడుతుంది. ఇంగ్లండులో బ్రౌన్, మోరిస్ అనే రసాయన శాస్త్రవేత్తలు 1893లోనే దీన్ని గమనించి రాశారు. ఇప్పటి బ్రూవర్లు దీనిని హాప్ క్రీప్ అంటారు. ఇది డబ్బాలో జరిగితే ఇబ్బంది లేదు, సీసాలో జరిగితే ప్రమాదం. హైడ్రోమీటర్ మీద రెండు పాయింట్లు అదనంగా పులిస్తే లీటరు బీరులో దాదాపు ఒక లీటరు వాయువు అదనంగా చేరుతుంది. నాలుగు పాయింట్లయితే గాజు సీసా పగిలి కళ్ళకు తగిలేంత శక్తి దానిలో ఉంటుంది. కాబట్టి హాప్స్ వేసిన మూడో రోజు ఒకసారి, మరో రెండు రోజులకు మళ్ళీ ఒకసారి కొలవాలి. రెండుసార్లూ అదే అంకె, 1.010 దగ్గర, కనిపిస్తేనే ముందుకు వెళ్ళాలి. అంకె దిగుతూ ఉంటే ఆగేదాకా ఓపిక పట్టాలి. ఆ రెండు రోజుల ఎదురుచూపు వల్ల కాస్త వగరు దిగినా, సీసా పగలడం కంటే అది నయం.

అదే సమయంలో వెన్న పరీక్ష కూడా చేయాలి. ఈస్ట్ మళ్ళీ పనిలో దిగినప్పుడు డయాసిటైల్ అనే పదార్థానికి మూలమైనది బీరులో చేరుతుంది, తరువాత దాన్ని ఈస్టే శుభ్రం చేస్తుంది. ఆ శుభ్రత పూర్తికాకముందే బీరును చల్లబరిస్తే, సీసాలో కొన్నాళ్ళకు దబ్బ వాసన మీద కరిగిన వెన్న వాసన తేలుతుంది. చిన్న సీసాలో కొద్దిగా బీరు పోసి, మూత పెట్టి, 60 డిగ్రీల వేడి నీళ్ళలో అరగంట ఉంచి, చల్లార్చి వాసన చూడాలి. వెన్నగానీ, సినిమా హాలు పాప్‌కార్న్‌గానీ గుర్తుకు వస్తే మరో రెండు మూడు రోజులు 20 డిగ్రీల దగ్గర ఉంచాలి.

అంతా సరిపోయాక డబ్బాను ఫ్రిజ్‌లో 2 డిగ్రీల దగ్గర ఒక రోజు ఉంచితే హాప్ మడ్డి, ఈస్ట్ అడుగున గట్టిగా పేరుకుంటాయి. చల్లబడుతున్నప్పుడు లోపలి వాయువు కుంచించుకుని ఎయిర్‌లాక్ ద్వారా బయటి గాలిని పీల్చుకుంటుంది. అందుకని చల్లబరిచే ముందు ఎయిర్‌లాక్ తీసి ఆ రంధ్రాన్ని శుభ్రమైన రబ్బరు బిరడాతో మూసివేయాలి. మూత కాస్త లోపలికి గుంటపడుతుంది, ఫరవాలేదు. పల్చటి ప్లాస్టిక్ డబ్బా అయితే అతిగా నొక్కుకుపోకుండా చూసుకోవాలి. గాజు కూజాలో పులియబెట్టినవారు మాత్రం ఇలా మూయవద్దు.

సీసాల్లో నింపడం

18 లీటర్ల వరకు శుభ్రమైన బీరు చేతికి వస్తుంది. 355 మిల్లీలీటర్ల గోధుమ రంగు సీసాలు 50 సిద్ధం చేసుకోవాలి. ఆకుపచ్చవిగానీ తెల్లవిగానీ వద్దు, ఎందుకంటే మరిగి రూపు మారిన హాప్ ఆమ్లాల మీద వెలుతురు పడితే ముక్కు మూసుకునే గంధకపు వాసన పుడుతుంది. 115 గ్రాముల డెక్స్ట్రోజ్ చక్కెరను కప్పున్నర నీటిలో మరిగించి చల్లార్చి, శుభ్రం చేసిన రెండో డబ్బా అడుగున పోసి, దాని మీదికి సైఫన్ గొట్టంతో బీరు దింపాలి. గొట్టం కొస అడుగుకు తాకుతూ, ద్రవంలో మునిగే ఉండాలి. ధార పైనుంచి పడి గలగలమంటే ఆ శబ్దం గాలి కలుస్తున్న శబ్దమే. గొట్టం రెండో కొసకు, మడ్డి రాకుండా, మరిగించిన నైలాన్ గుడ్డ ముక్క కట్టవచ్చు. చక్కెర నీరు కలిసేందుకు శుభ్రమైన గరిటెతో నురగ రాకుండా ఒకటి రెండు సార్లు మెల్లగా తిప్పాలి.

సీసాను అడుగునుంచి నింపే గొట్టంతో, మూతికి రెండు సెంటీమీటర్ల దిగువ దాకా నింపాలి. ఖాళీ ఎంత తక్కువ ఉంటే గాలి అంత తక్కువ. ఆక్సిజన్ పీల్చుకునే పొర ఉన్న మూతలు దొరుకుతాయి, ఈ బీరుకు వాటికి పెట్టే నాలుగు డాలర్లు దండగ కాదు. నింపిన సీసాకు వెంటనే మూత బిగించాలి, పది నింపి తరువాత బిగిద్దామనుకోకూడదు. ఒక్క బీరును మాత్రం ప్లాస్టిక్ సోడా సీసాలో నింపండి. రోజూ చేత్తో నొక్కి చూస్తే లోపల వాయువు ఎంత చేరిందో గాజు సీసాలు తెరవకుండానే తెలుస్తుంది.

రెండు వారాలు 20 డిగ్రీల దగ్గర, చీకట్లో ఉంచాలి. సీసాలోని ఈస్ట్ చక్కెరను తిని వాయువు నింపుతూ, మూతకింద మిగిలిన ఆక్సిజన్‌లో కొంత తానే వాడుకుంటుంది. తరువాత అన్నింటినీ ఫ్రిజ్‌లోకి మార్చి, నెల నెలన్నర లోపు తాగాలి. నిల్వ ఉంచితే బాగుపడే బీరు కాదిది. ఫ్రిజ్‌లో చోటు చాలకపోతే గది వేడిలో మిగిలినవాటిని ముందు తీయండి. ఆల్కహాలు సుమారు 5.4 శాతం ఉంటుంది, తాగినవారు బండి తీయకూడదు.

తాగేటప్పుడు గ్లాసును 8 డిగ్రీల చల్లదనంతో మొదలుపెట్టి నెమ్మదిగా తాగితే, వేడెక్కే కొద్దీ వాసనలు ఒక్కొక్కటిగా విచ్చుకుంటాయి. మిగిలిన ముప్ఫై ఏడు గ్రాముల గుళికలను గాలి తీసిన ప్యాకెట్‌లో డీప్ ఫ్రిజ్‌లో దాచి ఉంచండి. మొదటి సీసా తెరిచిన రోజు నాలుగు గుళికలు నలిపి, ఒకసారి అరచేతిని, ఒకసారి గ్లాసును వాసన చూసి, తేడా ఏముందో పుస్తకంలో రాసుకోండి. గ్లాసులో దబ్బ వాసన బాగా తక్కువగా ఉంటే నానబెట్టే హాప్స్‌ను మరుసటిసారి 100 గ్రాములకు పెంచండి. తేనె లాంటి మగ్గిన తీపి తగిలితే హాప్స్ పెంచకుండా గాలి ఎక్కడ దూరిందో వెతకండి.